తప్పులు చెప్పే గంట

హలో, వినిపిస్తోందాండీ? నేనే, మోటారు బాబాయిని. భోజనాలయ్యాయా? అవకపోతే కంచం ముందు పెట్టుకునే చదవండి, తొందరేం లేదు. ఫోన్లోనే చెబుదామనుకున్నానుగానీ, ఫోనైతే మా ఆవిడ పక్కనుంచి "అలా కాదండీ, ముందు అది చెప్పండి" అని అడ్డం పడుతుంది. అందుకని షాపులో కూర్చుని రాస్తున్నాను. రాతలో తప్పులుంటే తిట్టండి. తిట్టమని ఎందుకంటున్నానో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

కొత్తగా చేరినవాళ్ళుంటారు కాబట్టి చెబుతున్నాను, నాది మోటార్లు బాగుచేసే షాపు. మిక్సీలు, నీళ్ళ పంపులు, ఫ్యాన్లు, కుట్టు మిషన్లు, ఏది తెచ్చినా విప్పుతాను. చదువు పెద్దగా అబ్బలేదు, గ్రీజు మాత్రం బాగా అబ్బింది. షాపు వెనకాలే మా కాలనీ హాలు. ఏడాదికోసారి ఆ హాల్లో బొంతల ప్రదర్శన పెడతారు. బొంత అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. పాత గుడ్డలు పొరలుగా పేర్చి కుట్టుకునేది, ఎవరింట్లో చూసినా అటక మీదో పరుపు కిందో ఒకటి ముడుచుకుని పడుంటుంది. మా దగ్గర మాత్రం అది గోడెక్కి దర్జాగా నిలబడుతుంది. నిచ్చెనెక్కి కడ్డీలు బిగించి వాటిని వేలాడదీసే పని నాది. ఎవరూ అప్పగించలేదు, నిచ్చెన నాది కాబట్టి పనీ నాదే అయింది.

ప్రదర్శన రెండు గదుల్లో ఉంటుంది. పెద్ద హాల్లో పోటీ బొంతలు. చేతికుట్టు వేరు, మిషన్ కుట్టు వేరు, అగ్గిపెట్టెలో పట్టే బుల్లి బొంతలు వేరు. సూదిలో దారం ఎక్కించే పోటీ ఒకటుంది, అది మగవాళ్ళకి మాత్రమే. ఆడవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వుకోవడానికే అది పెట్టారని నా అనుమానం. నేను ఏటా పేరిస్తాను, ఏటా నవ్విస్తాను.

పక్క గదిలో ప్రత్యేక ప్రదర్శన. అక్కడ పోటీ ఉండదు. రిటైరైన బస్సు డ్రైవరొకాయన తన పాత ఖాకీ చొక్కాలన్నీ కత్తిరించి కుట్టిన బొంత అక్కడుంటుంది. జేబులు ఊడదియ్యకుండా అలాగే ఉంచాడు. పొద్దున్నే వచ్చి ఆ జేబుల్లో చాక్లెట్లు వేసి, ఏమీ ఎరగనట్టు దూరంగా నిలబడతాడు. ఇంకో గోడంతా దెబ్బతిన్న బొంతలకే. ఇస్త్రీపెట్టె కాల్చినది, కుక్క నమిలినది, మొగుడూ పెళ్ళాం కలిసి కుడుతూ మధ్యలో మాటామాటా వచ్చి సగంలో ఆపేసినది. ఆ సగం బొంత ముందు మొగుడూ పెళ్ళాలే ఎక్కువసేపు నిలబడతారు.

కానీ జనం అసలు వచ్చేది వీటికోసం కాదు. తప్పులు చెప్పే గంట కోసం.

ఇది మా హాల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. మధ్యాహ్నం భోజనాలయ్యాక గంట కొడతారు. పోటీకి పెట్టినవాళ్ళంతా ఎవరి బొంత పక్కన వాళ్ళు నిలబడాలి. జడ్జి ఒక్కొక్క బొంత ముందూ ఆగి, అందరూ వింటుండగా, అందులో ఉన్న తప్పులు చెబుతుంది. మెచ్చుకోవడం అనేది లేదు. ఎవరిది మెచ్చిందో సాయంత్రం రిబ్బను చెబుతుంది, నోటితో మాత్రం తప్పులే. జడ్జి కుట్టుపని నేర్పే పెద్ద టీచరమ్మ, రిటైరైపోయింది. మెడలో నల్లతాడుకి చిన్న కత్తెర వేలాడుతుంటుంది కాబట్టి అందరం కత్తెరమ్మ అంటాం. ఆ కత్తెర ఎప్పుడో మొద్దుబారింది, ఆవిడ నోరు మాత్రం మొద్దుబారలేదు. ఓసారి ఒకావిడతో "ఇది కప్పుకుంటే జ్వరం లేనివాళ్ళకి కూడా వచ్చేలా ఉంది" అనేసింది. ఆవిడ ఏడ్చిందనుకుంటున్నారా? ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఆ మాట చెప్పుకుని మురిసిపోతుంది. మాలో అది అంతే. కత్తెరమ్మ ఏమీ అనకుండా వెళ్ళిపోయిందంటే మనల్ని లెక్కలోంచి తీసేసిందని అర్థం. ప్రత్యేక ప్రదర్శన గదిలో ఆవిడ తప్పులు చెప్పదు. "బావుంది, బావుంది" అనుకుంటూ చల్లగా నడుచుకుపోతుంది.

ఇక మా అక్క సంగతికి వస్తాను. మా మేడమీద వాటాలోనే ఉంటుంది. కర్టెన్ల షాపులో కుట్టుపని చేసిన మనిషి. చేతికుట్టు పోటీలో ఎర్ర రిబ్బను ఏటా అక్కదే. రెండో స్థానం ఏటా మా ఆవిడది. వదినామరదళ్ళిద్దరూ ఒకే ఇంట్లో కూర్చుని, ఒకరి బొంత ఒకరికి కనపడకుండా దుప్పట్లు కప్పుకుని కుట్టుకునేవాళ్ళు. మామూలు రోజుల్లో బట్టలారేసే తీగ మీద ఎవరి క్లిప్పులు ఎవరు వాడారని గొడవ పడేవాళ్ళు. ఇల్లు కళకళలాడుతూ ఉండేది.

పోయినేడు ప్రదర్శనకి కాస్త ముందు అక్కకి పక్షవాతం వచ్చింది. మనిషి కోలుకుంది, మాట తిరిగొచ్చింది, కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఆ ఏడు మా అధ్యక్షుడుగారు, మందుల షాపాయన, మంచి మనసుతోనే ఒక పని చేశారు. అక్క పాత రిబ్బను బొంతలన్నీ తెప్పించి ప్రత్యేక ప్రదర్శనలో వరసగా పెట్టించారు. ముందు మెత్తటి కుర్చీ వేసి అక్కని కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళంతా వంగి వంగి పలకరించారు. కత్తెరమ్మ కూడా వచ్చి, చూసి, "అన్నీ బావున్నాయమ్మా" అని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక అక్క మంచినీళ్ళు కూడా ముట్టలేదు. డాక్టరు పెదవి విరిచి వెళ్ళిపోయాడని చెబుతున్నట్టు, "ఒరేయ్ తమ్ముడూ, కత్తెరమ్మ నన్ను బావుందందిరా" అంది.

అప్పట్నుంచీ అక్కతో అందరూ తేనెలో ముంచి మాట్లాడటం మొదలెట్టారు. మా ఆవిడ కూడా క్లిప్పుల గొడవ మానేసింది. అక్క కావాలనే మావి తీసి వాడుకున్నా, "పర్లేదు వదినా, ఉంచుకోండి" అనేది. అక్క మొహం మరింత చిన్నబోయేది.

ఒకరోజు పొద్దున్నే అక్క మెట్లు దిగి షాపుకొచ్చింది. పాత స్పీకరు అయస్కాంతం ఉందా అని అడిగింది. ఎందుకంటే చెప్పలేదు. దాన్ని ఒక చెక్కకి బిగించమంది, చెక్కని బల్లకి బిగించమంది. సూది దానికి అంటించి నిలబెడితే, ఒంటి చేత్తో దారం ఎక్కించుకోవచ్చట. మాకు తెలియకుండా ఎడమచేత్తో కుట్టడం మొదలెట్టేసింది. కదలని కుడిచేతిని గుడ్డ మీద బరువుకి పెట్టుకునేది. "ఊరికే కూర్చుని తింటోందని దీనికో ఉద్యోగం ఇచ్చాను" అనేది.

మొదట్లో ఆ కుట్లు చూస్తే తాగిన చీమలు వరసగా నడవబోయినట్టుండేవి. పోనుపోను చీమలకి మత్తు దిగింది. పూర్తిగా మాత్రం దిగలేదు. కర్టెన్ ముక్కలతో మెట్లు మెట్లుగా నమూనా వేసింది. నీలం, బూడిదరంగు, గోధుమరంగు, నట్టనడుమ ఒక్క ముదురు ఆవపిండి రంగు ముక్క.

బొంత పూర్తయిన రోజున మమ్మల్నిద్దరినీ పైకి పిలిచి చెప్పింది. "ఇది పోటీలో పెడతాను. గెలుస్తానని కాదు, నాకా పిచ్చి లేదు. కత్తెరమ్మ దీని ముందు ఆగి, అందరినీ అన్నట్టే నన్నూ అనాలి. అది వింటేగానీ నేనింకా కుట్టేదాన్నేనని నాకు నమ్మకం కుదరదు."

అధ్యక్షుడుగారు ఈసారి కూడా మెత్తటి కుర్చీ సిద్ధం చేస్తానన్నారు. ఆ కుర్చీలో మీరే కూర్చోండి, పొద్దున్నుంచీ నిలబడి కాళ్ళు పీకుతుంటాయి అంది అక్క.

ఇప్పుడు మా ఆవిడ చేసిన పని చెప్పాలి. వింటే మీరు తిట్టలేరు, మెచ్చుకోనూ లేరు.

ప్రదర్శనకి ముందురోజు బొంతలన్నీ హాల్లో అప్పగించాలి. వేలాడదీసే ముందు దారాల జట్టు అని కొందరు ఆడవాళ్ళు వాటిని బల్ల మీద పరిచి, ఎక్కడైనా దారపు పోగులు వేలాడుతుంటే కత్తిరిస్తారు. కత్తిరించడం వరకే వాళ్ళ పని, సూది పట్టకూడదు. ఎందుకంటే పోటీకి అసలు రూలు ఒక్కటే. ప్రతి కుట్టూ పెట్టినవాళ్ళ సొంత చేతిది అయ్యుండాలి. ఆ జట్టుకి పెద్ద మా ఆవిడ.

ఈ కుట్టేవాళ్ళకి ఒక జబ్బుందండీ. వంకర కుట్టు కనపడితే చెయ్యి ఊరుకోదు. డాక్టరు దగ్గర వరసలో కూర్చుని, పక్కన ముక్కూమొహం తెలియని మనిషి పైట అంచు ఊడిందని చెప్పకుండా కుట్టేసిన ఘనత మా ఆవిడకుంది. అలాంటి మనిషి ముందు అక్క బొంత పరిచారు. కింది అంచు కుట్లు ఒకచోట ఎడంగా, ఒకచోట ఇరుగ్గా, అంచు పట్టీ ముడతలు పడి ఉంది. రేపు కత్తెరమ్మ దీన్ని పట్టుకుని అందరిముందూ వదినని చీల్చి చెండాడేస్తుంది, వదిన పైకి ఏమన్నా లోపల తట్టుకోలేదు, అనుకుంది. సూది బయటికి తీసింది. నేను పక్కగదిలో నిచ్చెన మీద ఉన్నాను, నాకేం తెలియదు. మధ్యాహ్నమంతా కూర్చుని ఆ కింది అంచు మొత్తం విప్పి, తన చేత్తో తిరిగి కుట్టేసింది. జన్మలో అంత చక్కగా కుట్టలేదట. తన సొంత బొంతకి కూడా అంత చక్కటి అంచు లేదట.

మర్నాడు పొద్దున్న తలుపులు తీయగానే అక్క వచ్చింది. అందరూ బొంతని దూరం నుంచి చూస్తారు, అక్క దగ్గరకెళ్ళి తడుముతుంది. ఎడమచెయ్యి పై అంచు మీద నడిచింది, పక్క అంచు మీద నడిచింది, కింది అంచు మీదకొచ్చి ఆగింది.

"ఇవి నా కుట్లు కావు," అంది.

గట్టిగా అనలేదు. మా ఆవిడ అక్కడే ఉంది. అక్క ఆ అంచు ఎత్తి వెలుతురులో చూసి, "ఇంత ముద్దుగా కుట్టేది ఈ కాలనీలో నేను కాకపోతే నువ్వే," అంది. మా ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మీరు మాటలు పడటం చూడలేక చేశాను వదినా అని గొణిగింది.

"మాటలు పడదామనే కదే ఇన్నాళ్ళూ కుట్టాను," అంది అక్క.

అధ్యక్షుడుగారు పరిగెత్తుకొచ్చారు. రూల్సు పుస్తకం తిరగేశారు. పోటీలో ఉన్నవాళ్ళు ఎదుటివాళ్ళ బొంతని పాడుచేస్తే ఏం చెయ్యాలో అందులో ఉందిగానీ, బాగుచేస్తే ఏం చెయ్యాలో లేదు. ఆయన తల గోక్కుని, పరాయి కుట్టు పడింది కాబట్టి పోటీలో ఉంచలేమనీ, అయినా బాధపడొద్దనీ, ప్రత్యేక ప్రదర్శనలో అందరికన్నా ముందు పెట్టిస్తాననీ చెప్పారు. కుర్చీ కూడా ఉందన్నారు. ఆ కుర్చీ మాట వినగానే అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పక్షవాతం వచ్చినప్పుడు కూడా నేను ఆ కళ్ళల్లో నీళ్ళు చూడలేదు.

అప్పుడు అక్క బొంత అంచు పట్టుకుని, "దించరా తమ్ముడూ. విప్పేసి మళ్ళీ నేనే కుడతాను. గంట కొట్టేది భోజనాల తరవాతేగా," అంది.

అధ్యక్షుడుగారు ఒక్కచేత్తో విప్పి, ఒక్కచేత్తో కుట్టి ఎప్పటికి పూర్తిచేస్తారమ్మా అన్నారు. మా ఆవిడ విప్పడం నేను చేస్తానంది. అది సాయం కిందికి వస్తుందా రాదా అని మళ్ళీ చర్చ. ఇద్దరు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఇంతలో వెనకనుంచి కత్తెరమ్మ గొంతు వినపడింది. ఎప్పుడొచ్చిందో మరి.

"పోటీ కుట్టడంలో. విప్పడంలో కాదు. ఎవరైనా విప్పొచ్చు," అని, మా ఆవిడ కుట్టిన అంచు వైపు ఓ చూపు చూసి, "అంత గట్టిగా కుట్టినావిడే విప్పితే మరీ మంచిది, బుద్ధొస్తుంది," అని వెళ్ళిపోయింది.

నేను షాపుకి పరిగెత్తి అయస్కాంతం చెక్క ఊడబెరుక్కొచ్చి హాల్లో బల్లకి బిగించాను. బొంత బల్ల మీద పరిచాం. అంచుకి ఒక కొస నుంచి మా ఆవిడ చిన్న బ్లేడు పట్టుకుని విప్పుతూ వెళుతుంటే, కొంచెం దూరంలో అక్క ఎడమచేత్తో కుట్టుకుంటూ వెనకే వస్తోంది. టైము కలిసొస్తుందని, అక్క ఒక సూదితో కుడుతుంటే రెండో సూదిని అయస్కాంతానికి నిలబెట్టి దారం ఎక్కించి ఇచ్చే ఉద్యోగం నాది. దానికి కూడా కత్తెరమ్మ ఒప్పుకుంది, దారం ఎక్కించడం వచ్చినవాళ్ళే ఎక్కించండి అని నా మొహం చూస్తూ అంది.

మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ విప్పుతోంది. ఎంత విప్పినా దారం తెగి రావడంలేదు. అక్క సూది దగ్గరకొచ్చేసింది, ముందుకెళ్ళడానికి అంచు లేదు.

"ఇంత దగ్గరగా కుట్టడం ఎవరు నేర్పారే నీకు?" అంది అక్క.

"మీరే."

"నా బుద్ధి తక్కువ. కానివ్వు, నీ వెనక బస్సు ఆగిపోయింది."

మా ఆవిడకి ఏడుపులోంచి నవ్వొచ్చింది. ఆ నవ్వుతో ఏదో ముడి వీడినట్టయింది. మీ కర్టెన్ల షాపులో ఇంత పెద్ద కుట్లు వేస్తే పనిలోంచి తీసెయ్యలేదా వదినా అని అడిగేసింది. ఏడాదిగా మా ఆవిడ నోట అలాంటి మాట వినలేదు. అక్క సూది ఆపి ఓసారి చూసింది. నువ్వు ఎదురుగా కూర్చుని ముక్కు చీదుతుంటే ఇలాగే పడతాయి అంది. ఇక ఇద్దరికీ హద్దూ పద్దూ లేదు. క్లిప్పుల సంగతి వచ్చింది, ఎప్పుడో అరువిచ్చిన కత్తెర సంగతి వచ్చింది, నా పెళ్ళినాటి సంగతులు కూడా వచ్చాయి. నేను దారం ఎక్కించే పనిలో తల వంచుకున్నాను.

ప్రత్యేక ప్రదర్శన చూడటానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ఇటు జరిగారు. బల్ల చుట్టూ మూగారు. ఎడమచేత్తో కుట్టడం నలుగురిలో ఎప్పుడూ చూపించని మనిషి మా అక్క. తలెత్తి చూసి, ఒక్క క్షణం చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. మళ్ళీ ఏమనుకుందో, వెలుతురుకి అడ్డం లేవమని అందరినీ కసిరి కుట్టుకుంది. డ్రైవరుగారు తన ఖాకీ బొంత జేబుల్లోంచి చాక్లెట్లు తెచ్చి అందరికీ పంచాడు. పక్కన మైకులో సూదిలో దారం ఎక్కించే పోటీకి నన్ను పిలుస్తున్నారు. నేనిక్కడ దారం ఎక్కిస్తుంటే ఎలా వెళ్ళను? ఏళ్ళ తరబడి ఓడిపోయిన వాణ్ణి, ఆ ఒక్కరోజు చెయ్యి కుదిరిందండీ, దారం తగలగానే దూరిపోతోంది. అందరి కళ్ళూ అక్క చేతి మీదే, నన్ను చూసినవాళ్ళు లేరు.

భోజనాలకి అందరూ లేచారు, మేం లేవలేదు. చివరి మూల మిగిలి ఉండగా గంట కొట్టే మనిషి గోడ దగ్గరికి నడవడం కనిపించింది. మూల దగ్గర పొరలు దళసరి, సూది దిగడం లేదు. మా ఆవిడ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది, ముట్టుకుంటానేమోనని తన మీద తనకే భయం. అక్క పళ్ళతో సూది పట్టి లాగింది. ముడి వేసింది. దారం కొరికింది. గంట మోగింది. నేను నిచ్చెనెక్కి బొంత వేలాడదీశాను.

కత్తెరమ్మ తలుపు దగ్గరనుంచి మొదలుపెట్టింది. ఒకరికి రంగులు కొట్టుకుంటున్నాయంది, ఒకరికి బొంత మధ్యలో పొట్ట పెరిగిందంది. జనం నవ్వుతున్నారు, అనిపించుకున్నవాళ్ళు ఇంకా ఎక్కువ నవ్వుతున్నారు. మా ఆవిడ బొంత ముందు ఆగి, అంతా నీటుగా ఉంది, నీటుగా ఉండటమే దీని తప్పు, మనిషి కుట్టిందో కొలబద్ద కుట్టిందో తెలియడం లేదు అంది. తరవాతది అక్కది.

అక్క పరీక్ష హాల్లో పిల్లలా నిటారుగా నిలబడింది. కత్తెరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. పైనుంచి కిందికి చూసింది. మళ్ళీ కిందినుంచి పైకి చూసింది. నా భయమల్లా ఒక్కటే. బావుంది అంటుందేమో, ఆ ఒక్కమాట అనేస్తే అక్క మళ్ళీ సూది ముట్టదు.

"మూల మందంగా ఉంది," అంది కత్తెరమ్మ.

అక్క ఊపిరి వదలడం నాకు వినపడింది.

"పొర లోపల కోసెయ్యకుండా అలాగే మడిచావు. పై అంచు పట్టీ ఎడమవైపుకి లాగింది. ఈ కింది కుట్లు మరీ పెద్దవి, తొందరపడ్డావు."

అధ్యక్షుడుగారు ఉండబట్టలేక, ఆవిడ ఎడమచేత్తో, అదీ ఇప్పటికిప్పుడు, అని ఏదో చెప్పబోయారు. కత్తెరమ్మ ఆయన వైపు తిరగనైనా తిరగలేదు. నేను చూసేది బొంతని, చేతిని కాదు అంది. తరవాత వేలు చాపి నట్టనడుమ ఉన్న ఆవపిండి రంగు ముక్క చూపించింది.

"అన్నీ చల్లటి రంగులు పెట్టి మధ్యలో ఇదేమిటి? చేతికి జబ్బు చేసింది సరే, కంటికేమొచ్చింది?"

జనం నవ్వలేదు. ఎవరో వెనకాల నాలుక కరుచుకున్నారు. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు అక్క నవ్వింది. మామూలు నవ్వు కాదండీ, పాత నవ్వు, మేడమీద నవ్వితే కింద షాపులో నాకు వినపడేది, ఆ నవ్వు. భుజాలు ఊగిపోతున్నాయి, కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. కాస్త ఊపిరి తీసుకుని, "నా కంటికేం కాలేదు. ఆ రంగు నాకిష్టం," అంది.

"ఇష్టమైతే దిండుగలీబు కుట్టుకో."

"బొంతకే పెడతాను. వచ్చే ఏడు రెండు ముక్కలు పెడతాను."

"పెట్టు. రెండిటికీ కలిపి అంటాను," అని కత్తెరమ్మ పక్క బొంత ముందుకి వెళ్ళింది. అప్పుడు నవ్వారు చూడండి జనం, నా నిచ్చెన కదిలింది.

సాయంత్రం రిబ్బను మా ఆవిడకి వచ్చింది. అక్క పేరు వెతకాలంటే వరసలో కింది నుంచి మొదలుపెట్టడం సులువు. అక్కకి ఆ ధ్యాసే లేదు. కనపడ్డ వాళ్ళందరినీ ఆపి, "నన్నేమందో విన్నావా? కంటికేమొచ్చిందంది" అని చెప్పుకుంటోంది. ఓడిపోయిన వాళ్ళందరిలాగే, ఈ కత్తెరమ్మకి చూపు తగ్గింది, జడ్జిని మార్చాలి అని అధ్యక్షుడుగారితో వాదన కూడా పెట్టుకుంది. ఆయన ఆనందంగా తలూపుతూ, ఆ మెత్తటి కుర్చీలో తనే కూర్చుని విన్నారు.

రిబ్బను గెలిచినవాళ్ళకి దాన్ని గుచ్చేది అంతకుముందు గెలిచినవాళ్ళు. పోయినేడు అక్క జబ్బు హడావిడిలో మా ఆవిడ కూడా బొంత పెట్టలేదు కాబట్టి, అప్పుడు గెలిచిన ఇంకొకావిడ ముందుకొచ్చింది. మా ఆవిడ ఒప్పుకోలేదు, నాకు మా వదినే గుచ్చాలి అంది. అక్క పిన్ను పళ్ళ మధ్య పెట్టుకుని, ఎడమచేత్తో రిబ్బను భుజానికి ఆనించి, ఎలాగో గుచ్చింది. "నేను కొత్త చెయ్యి నేర్చుకుంటున్నప్పుడు గెలిచావు మరదలా. వచ్చే ఏడు చూసుకుందాం," అంది.

రిబ్బను బాగా వంకరగా పడింది. ఒక కొస చెవి వైపు, ఒక కొస మోచేతి వైపు. మా ఆవిడ చెయ్యి దానంతటదే సర్దడానికి పైకి లేచింది. రిబ్బను దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. నెమ్మదిగా కిందికి దిగి, మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చేదాకా దారిలో ఎంతమంది చెప్పినా సర్దలేదు. ఆ చీర బీరువా తలుపుకి వేలాడుతోంది, రిబ్బను ఇప్పటికీ అలాగే ఉంది, వంకరగా.

ఇదిగో, ఇది రాస్తుంటే పైనుంచి ఇద్దరి గొంతులూ వినపడుతున్నాయి. నా నీలం క్లిప్పులు ఎవరు తీశారంటూ. ఏం చెప్పమంటారు, చెవికి ఎంత హాయిగా ఉందో.

సరే, ఉంటానండీ, గిరాకీ వచ్చింది, పంపు మోటారు పట్టుకుని నిలబడ్డాడు. మీ ఇంట్లోనో, మీ కుట్టు క్లాసులోనో, మీరు ఈమధ్య మరీ జాగ్రత్తగా, మరీ తియ్యగా మాట్లాడుతున్న మనిషెవరైనా ఉంటే, ఈ కథ ముందు వాళ్ళకి పంపండి. పంపిన తరవాత ఫోన్ చేసి ఓ చిన్న గొడవ పెట్టుకోండి. మిగతావాళ్ళకి తీరిగ్గా పంపుదురుగాని.